డీర్ మౌస్, హంటా వైరస్, ముందే నింపిపెట్టిన ఫ్రీజర్లు

1993 మే నెలలో న్యూ మెక్సికోలో 20 ఏళ్లు కూడా నిండని, నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగకి చెందిన ఒక కుర్రాడు, మంచి రన్నర్, ఊపిరాడక కొన్ని గంటల్లోనే చనిపోయాడు. అప్పుడు అతను వెళ్తున్నది తన కాబోయే భార్య అంత్యక్రియలకి, ఆ అమ్మాయి కూడా కొన్ని రోజుల ముందే అచ్చం ఇలాగే పోయింది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా నీరు. ఫ్లూ అనుకున్నారు కాదు, ప్లేగు అనుకున్నారు అదీ కాదు. న్యూ మెక్సికో, అరిజోనా, కొలరాడో, యూటా ఈ నాలుగు రాష్ట్రాలు కలిసే ఫోర్ కార్నర్స్ ఏరియాలో ఆరా తీస్తే ఇలాంటివే ఇంకొన్ని కేసులు బయటపడ్డాయి, పోయినవాళ్లలో చాలామంది అంతకుముందు ఏ జబ్బూ లేని, వయసులో ఉన్నవాళ్లే.

అమెరికా ప్రభుత్వ జబ్బుల నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్లు పేషెంట్ల రక్తాన్ని తమ దగ్గరున్న వైరస్‌లన్నిటితో టెస్ట్ చేస్తూ పోతే, ఎవరూ ఊహించని హంటా వైరస్‌ల దగ్గర రియాక్షన్ కనపడింది. హంటా వైరస్ అంటే అప్పటిదాకా డాక్టర్లకి తెలిసింది కొరియా యుద్ధంలో వేలమంది సైనికులకి వచ్చిన కిడ్నీ జబ్బు, అది ఆసియా, యూరప్‌లకి సంబంధించిన వ్యవహారం, పైగా ఊపిరితిత్తుల మీద ఇలా పడేది కాదు. వైరస్ జన్యువుల్ని పట్టుకునే పీసీఆర్ టెస్ట్ చేసి చూస్తే ఇది హంటానే కానీ కొత్త రకం. హంటా అంటే ఎలుకలు ఉండాలి కదా, దాంతో ఆ వేసవిలో బాధితుల ఇళ్ల చుట్టుపక్కల బోన్లు పెట్టి దాదాపు 1,700 ఎలుక జాతి జంతువుల్ని పట్టారు. ఎక్కువగా పడింది డీర్ మౌస్ అనే చిన్న అడవి ఎలుక, అందులో 30 శాతం దాకా ఈ వైరస్ ఇన్ఫెక్షన్ గుర్తులు ఉన్నాయి. పేరు దగ్గర మాత్రం పెద్ద పేచీ నడిచింది, ఏ ఊరి పేరు పెట్టినా అక్కడి జనం ఒప్పుకోలేదు, చివరికి స్పానిష్‌లో పేరులేనిది అని అర్థం వచ్చేలా సిన్ నోంబ్రె వైరస్ అని ఫిక్స్ చేశారు.

ఇంతవరకు చాలామంది చెప్పే కథే. కానీ ఇందులో పెద్దగా ఎవరూ పట్టించుకోని భాగం ఒకటుంది. వైరస్‌ని పట్టుకోవడం ల్యాబ్ టెక్నాలజీ గొప్పతనం, ఒప్పుకోవాల్సిందే, కానీ ఇది 1993లోనే ఎందుకు వచ్చింది, ఇది నిజంగా కొత్త వైరసా లేక ఎప్పటినుంచో ఉన్నదా అనే రెండు ప్రశ్నలకి పీసీఆర్ మెషిన్ ఒక్కటే జవాబు చెప్పలేదు. ఆ జవాబులు వచ్చింది అంతకు ముందు కొన్నేళ్లుగా, ఏ జబ్బు గురించీ ఆలోచించకుండా, ఎలుకల్ని లెక్కపెడుతూ శాంపిల్స్ దాచిపెడుతూ కూర్చున్న మనుషుల దగ్గరనుంచి.

న్యూ మెక్సికోలో సెవియెటా అని ఒక వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ ఉంది, అక్కడ యూనివర్సిటీ ఆఫ్ న్యూ మెక్సికో ఎకాలజిస్టులు 1980ల చివరి నుంచి ఎలుకల జనాభా లెక్కలు తీస్తున్నారు. ఈ పని ఎంత బోరింగో చెప్పాలంటే, అల్యూమినియం రేకుతో చేసిన మడతపెట్టే బోన్లు ఉంటాయి, వాటిని షెర్మన్ ట్రాప్స్ అంటారు, సాయంత్రం వాటిని వరసగా పెట్టి లోపల ఓట్స్ లాంటి ఎర వేసి, తెల్లారి వెళ్లి పడిన ప్రతి ఎలుకనీ తూచి, ఆడా మగా చూసి, గుర్తుపెట్టి, మళ్లీ అక్కడే వదిలేయాలి. మళ్లీ సాయంత్రం అదే పని. ఏళ్ల తరబడి. బాబ్ పార్మెంటర్ టీమ్ దగ్గరున్న ఈ లెక్కలు తీసి చూస్తే కథంతా అందులోనే ఉంది. 1991-92లో ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి వాతావరణం మారిపోవడం, దాని వల్ల ఎడారి ప్రాంతంలో వానలు, మంచు బాగా పడ్డాయి, గడ్డి, గింజలు, పురుగులు, పిన్యోన్ పైన్ కాయలు విపరీతంగా వచ్చాయి, తిండి దొరికిన ఎలుకలు పిల్లల మీద పిల్లల్ని పెట్టాయి, 1992 మే నెలతో పోలిస్తే 1993 మే నాటికి ఎలుకలు దాదాపు 10 రెట్లు అయ్యాయి. అన్ని ఎలుకలు అయ్యాక కొన్ని ఇళ్లలోకి, షెడ్లలోకి రావడంలో వింతేముంది.

రెండో ప్రశ్నకి జవాబు అదే యూనివర్సిటీ మ్యూజియం ఫ్రీజర్లలో దొరికింది. టెర్రీ యేట్స్ అనే మ్యామల్ క్యూరేటర్, ఆయన సహచరులు అంతకు ముందు ఏళ్లలో పట్టిన ఎలుకల కణజాలాన్ని గడ్డకట్టించి దాచిపెట్టారు, ఎప్పుడో ఎవరికో పనికొస్తుందని అంతే. వాటిని టెస్ట్ చేస్తే 1993 కంటే చాలా ముందు పట్టిన ఎలుకల్లోనే వైరస్ ఉంది. తర్వాత మనుషుల పాత శాంపిల్స్ కూడా వెతికితే యూటాలో 1959లో జబ్బుపడ్డ ఒకాయనకి కూడా ఇదే ఇన్ఫెక్షన్ అని తేలింది. మిలిటరీ ల్యాబ్ నుంచి లీకైందని అప్పట్లో గట్టిగా నడిచిన పుకార్లకి ఇంతకంటే మంచి సమాధానం ఉండదు.

నవాహో పెద్దవాళ్లకి ఇది అసలు కొత్త విషయమే కాదు. వానలు ఎక్కువ పడి పిన్యోన్ కాయలు విరగకాసిన ఏళ్లలో ఎలుకలు పెరుగుతాయి, అప్పుడు జబ్బులు వస్తాయి, ఎలుకల్ని ఇంట్లోకి, తిండి దగ్గరికి రానివ్వొద్దు అని వాళ్ల దగ్గర ఎప్పటినుంచో చెప్పుకుంటున్నారు, 1918లో, 1933లో కూడా అలా జరిగిందని గుర్తుచేశారు. ఎకాలజిస్టుల గ్రాఫులు తేల్చింది దాదాపు ఇదే మాట. మీడియా మాత్రం దీన్ని నవాహో ఫ్లూ అని రాసి ఆ జనాన్ని అంటరానివాళ్లలా చేసింది, మనిషి నుంచి మనిషికి అంటని జబ్బుకి ఒక జాతి పేరు పెట్టడం ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక డీర్ మౌస్ సంగతికొస్తే, ఇది ఇళ్లలో తిరిగే మామూలు చిట్టెలుక కాదు. చూడ్డానికి అలాగే ఉన్నా దీని కుటుంబమే వేరు, హ్యామ్‌స్టర్లకి, వోల్ అనే పొట్టితోక ఎలుకలకి దగ్గర చుట్టం, ల్యాబుల్లో వాడే తెల్ల ఎలుకకీ దీనికీ దారులు విడిపోయి కోట్ల ఏళ్లు అయింది. బరువు మహా అయితే 10 నుంచి 25 గ్రాములు, పెద్ద నల్లటి కళ్లు, పెద్ద చెవులు, పైన గోధుమ రంగు, పొట్ట, పాదాలు తెలుపు, తోక కూడా పైన ముదురు కింద తెలుపు, జింక రంగులా ఉంటుందని ఆ పేరు. పెరోమిస్కస్ అనే ప్రజాతిలో 50కి పైగా జాతులు ఉన్నాయి, వాటిలో బాగా విస్తరించింది పెరోమిస్కస్ మానిక్యులేటస్, కెనడా అడవుల నుంచి మెక్సికో దాకా, ఎడారి, గడ్డిమైదానం, కొండ, పొలం ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. ఈ మధ్య జన్యువులు చూసి ఇది ఒకటి కాదు కొన్ని జాతులు అని విడగొట్టారు, పశ్చిమాన ఉండేదాన్ని ఇప్పుడు పెరోమిస్కస్ సోనోరియెన్సిస్ అంటున్నారు, కాబట్టి పాత పేపర్లలో, కొత్త పేపర్లలో పేర్లు వేరుగా కనపడితే కంగారు పడక్కర్లేదు.

రాత్రి పూట తిరుగుతుంది, గింజలు, పురుగులు, ఏది దొరికితే అది తింటుంది, చలికాలానికి గింజలు దాచుకుంటుంది, మరీ చలిగా ఉంటే ఒకే గూట్లో నాలుగైదు ముడుచుకుని పడుకుంటాయి, ఒళ్లు చల్లబరుచుకుని ఎనర్జీ సేవ్ చేసుకుంటాయి. గర్భం మూడు వారాల పైచిలుకు, ఈతకి నాలుగైదు పిల్లలు, ఆ పిల్లలు రెండు నెలలకల్లా మళ్లీ పిల్లల్ని కనడానికి రెడీ. అడవిలో చాలావరకు ఏడాది కూడా బతకవు, గుడ్లగూబ, పాము, నక్క, వీజిల్ అన్నిటికీ ఇదే భోజనం. కానీ ల్యాబులో ఏ ముప్పూ లేకుండా పెంచితే దీని దగ్గరి చుట్టమైన వైట్ ఫుటెడ్ మౌస్ ఏడెనిమిదేళ్లు కూడా బతకగలదు, మామూలు ల్యాబ్ ఎలుకకి అది రెండింతల కంటే ఎక్కువ, అందుకే వృద్ధాప్యం మీద రీసెర్చ్ చేసేవాళ్లకి దీని మీద ఆసక్తి.

వైరస్ విషయంలో విచిత్రం ఏంటంటే ఎలుకకి ఏమీ కాదు. ఒకసారి పట్టుకుంటే నెలల తరబడి, చాలావరకు జీవితాంతం వైరస్ ఒంట్లోనే ఉంటుంది, ఉమ్మి, మూత్రం, పెంటికల్లో బయటికొస్తుంది, ఎలుక మాత్రం మామూలుగా తిని తిరుగుతుంది. తల్లి నుంచి పిల్లలకి పుట్టుకతో రాదు, పైగా తల్లి ఇచ్చే యాంటీబాడీలు కొంతకాలం పిల్లల్ని కాపాడతాయి. మరి ఎలా అంటుకుంటుంది అంటే ముఖ్యంగా కొట్లాటల్లో. పట్టిన ఎలుకల్లో పెద్ద వయసు మగవాటికి, చెవుల మీద తోక మీద కాటు మచ్చలు ఉన్నవాటికే ఇన్ఫెక్షన్ ఎక్కువగా కనపడుతుంది.

మనిషి దగ్గరికొచ్చేసరికి సీన్ మారిపోతుంది. ఎండిన పెంటికలు, మూత్రం ఉన్న దుమ్ము లేచి ఊపిరితో లోపలికెళ్తే చాలు. వారం నుంచి ఎనిమిది వారాల దాకా ఏమీ తెలియదు, తర్వాత జ్వరం, తొడలు, నడుము, వీపులో విపరీతమైన నొప్పులు, అచ్చం ఫ్లూలాగే, నాలుగైదు రోజులయ్యాక ఒక్కసారిగా దగ్గు, ఆయాసం. వైరస్ రక్తనాళాల లోపలి పొర కణాల్లో చేరుతుంది కానీ వాటిని నేరుగా చంపదు, దాని మీదకి శరీరం పంపే రోగనిరోధక స్పందన వల్లే సన్న రక్తనాళాలు లీకవుతాయని, ఆ నీరే ఊపిరితిత్తుల్ని నింపేస్తుందని ఎక్కువమంది సైంటిస్టుల అభిప్రాయం. మందు లేదు. ఐసీయూలో పెట్టి, అవసరమైతే ఒంటి బయటినుంచే రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఎక్మో మెషిన్ మీద ఉంచి ఆ కొన్ని రోజులు గట్టెక్కించడమే చికిత్స. అమెరికాలో 1993 నుంచి 2022 చివరిదాకా మొత్తం హంటా కేసులు 864, చాలావరకు మిసిసిపీ నదికి పడమర వైపే, ముగ్గురిలో ఒకరికి పైగా చనిపోతారు. అంటే చాలా అరుదు, కానీ వస్తే మాత్రం చాలా ప్రమాదం. 2025లో నటుడు జీన్ హ్యాక్‌మన్ భార్య శాంటా ఫేలో చనిపోయింది కూడా దీనివల్లే, అప్పుడే చాలామంది ఈ పేరు మొదటిసారి విన్నారు.

2012లో యోసెమిటీ నేషనల్ పార్క్‌లో జరిగింది ఇంకా క్లియర్‌గా విషయం చెప్తుంది. కర్రీ విలేజ్ అనే చోట టూరిస్టుల కోసం కట్టిన టెంట్ క్యాబిన్లకి చలి ఆగాలని రెండు పొరల గోడలు పెట్టి మధ్యలో ఇన్సులేషన్ నింపారు. ఎలుకలకి అంతకంటే మంచి ఇల్లు ఏముంటుంది, వెచ్చగా, పిల్లి రాదు, గుడ్లగూబ రాదు, ఆ సందులో గూళ్లు కట్టేసుకున్నాయి. ఆ ఏడాది పార్క్‌కి వచ్చినవాళ్లలో 10 మందికి హంటా వచ్చింది, ముగ్గురు పోయారు, దాదాపు అందరూ ఆ క్యాబిన్లలో దిగినవాళ్లే. తర్వాత వాటిని తీసేశారు. అడవిలో తిరిగితే వచ్చే జబ్బు అనుకుంటారు కానీ నిజానికి ఇది మూసి ఉన్న గదుల జబ్బు, చాన్నాళ్లు తాళం వేసిన క్యాబిన్, షెడ్, గోడౌన్, వాడని కారు, అసలు రిస్క్ ఉన్నది అక్కడే. అలాంటి చోట ఎలుక పెంటికలు కనపడితే చీపురు, వాక్యూమ్ పట్టుకోకూడదు, తలుపులు అరగంట తెరిచి ఉంచి, గ్లవ్స్ వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పోసి, ఐదు నిమిషాలు నాననిచ్చి, తడిగానే తుడిచెయ్యాలి. దుమ్ము లేవకుండా చూడటమే ఇక్కడ మొత్తం ట్రిక్కు.

మరి ఎలుకలు పెరిగితే కేసులు పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి అని సింపుల్‌గా చెప్పేయొచ్చా అంటే అంత సులువు కాదు. తిండి బాగా దొరికి జనాభా ఒక్కసారిగా పెరిగినప్పుడు అందులో ఎక్కువ భాగం కొత్తగా పుట్టిన పిల్లలే, వాటికి వైరస్ ఉండదు, కాబట్టి పర్సంటేజ్ చూస్తే తగ్గినట్టు కనపడుతుంది. అవి పెద్దయి కొట్లాడుకోవడం మొదలయ్యాక, కొన్ని నెలలకి, ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. ఒక్క సీజన్ సర్వే చేసి వెళ్లిపోయేవాళ్లకి ఇది ఎప్పటికీ కనపడదు, నెల నెలా ఏళ్ల తరబడి అదే చోట బోన్లు పెడితేనే తెలుస్తుంది.

తిండికీ జబ్బుకీ ఉన్న లింక్ ఎంత వంకర దారిలో వెళ్లగలదో మోంటానాలో బయటపడింది. యూరప్ వైపు నుంచి వచ్చిన స్పాటెడ్ న్యాప్‌వీడ్ అనే కలుపు మొక్క అక్కడి గడ్డిమైదానాల్ని ఆక్రమించేసింది. దాన్ని తగ్గించడానికి దాని సొంత ప్రాంతం నుంచే గాల్ ఈగల్ని తెచ్చి వదిలారు, ఇవి న్యాప్‌వీడ్ పూలల్లో గుడ్లు పెడితే లార్వాలు అక్కడే బుడిపెల్లా పెరిగి గింజలు తగ్గిస్తాయని ప్లాన్. ఈగలు బాగానే స్థిరపడ్డాయి, గింజలూ తగ్గాయి, కానీ మొక్క మాత్రం తగ్గలేదు. అయితే ఆ లార్వాలు చలికాలమంతా ఎండిన పూల తలల్లోనే ఉండిపోతాయి, సరిగ్గా అప్పుడే ఎలుకలకి వేరే తిండి దొరకదు. డీర్ మౌస్‌లు ఆ కాడలు ఎక్కి, పూల తలలు కొరికి, ఒక్కో ఎలుక ఒక్క రాత్రిలో వందకి పైగా లార్వాలు తినేయగలదని వాటి కడుపులు చూసి తేల్చారు. చలికాలంలో చావాల్సిన ఎలుకలు బతికేశాయి. డీన్ పియర్సన్, రాగన్ కాలవే 2006లో ప్రచురించిన స్టడీలో ఈ ఈగలు ఎక్కువున్న చోట ఎలుకలు రెట్టింపు పైగా ఉన్నాయి, వైరస్ సోకిన ఎలుకలు మూడు రెట్లు ఉన్నాయి. కలుపు మొక్క కోసం ఈగని తెస్తే అది వెళ్లి హంటా వైరస్‌కి మేలు చేసింది! ఈగని వదిలేముందు అది వేరే పంటల్ని తింటుందా లేదా అని జాగ్రత్తగానే టెస్ట్ చేశారు, కానీ ఆ ఈగని ఎవరు తింటారు అని ఎవరూ అడగలేదు, ఆ రోజుల్లో రూల్స్ కూడా ఆ ప్రశ్న అడగమనలేదు.

తూర్పు అమెరికాలో ఇదే రకం కథ పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధితో నడుస్తుంది, అక్కడ మెయిన్ పాత్ర వైట్ ఫుటెడ్ మౌస్‌ది. బ్లాక్ లెగ్డ్ టిక్ అనే పిడుదు గుడ్డు నుంచి వచ్చేటప్పుడు దానిలో లైమ్ బ్యాక్టీరియా ఉండదు, మొదటిసారి రక్తం తాగే జంతువు నుంచే తెచ్చుకుంటుంది, ఆ జంతువు చాలాసార్లు ఈ ఎలుకే. ఓక్ చెట్లు విరగకాసిన ఏడాది తర్వాతి వేసవికి ఎలుకలు పెరుగుతాయి, వాటి మీద లార్వా పిడుదులు మేస్తాయి, ఆ పై ఏడాది అవి మనుషుల్ని కుట్టే దశకి వస్తాయి. రిక్ ఆస్ట్‌ఫెల్డ్ లాంటివాళ్లు న్యూయార్క్ రాష్ట్రం అడవుల్లో ఏళ్ల తరబడి ఓక్ కాయలు, ఎలుకలు, పిడుదులు లెక్కపెట్టి తేల్చిన విషయం ఇది. అమెరికాలో ఏటా లైమ్‌కి ట్రీట్‌మెంట్ తీసుకునేవాళ్లు 4,76,000 దాకా ఉంటారని సీడీసీ అంచనా, హంటాతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు పెద్ద సమస్య. మనుషుల్ని కాకుండా ఎలుకల్నే రక్షిస్తే పోలా అని, తిండి గుళికల్లో వ్యాక్సిన్ పెట్టి అడవిలో వేసే ట్రయల్స్ కూడా చేశారు.

జబ్బుల సంగతి పక్కనపెడితే పరిణామం గురించి ఈ ఎలుక నేర్పినంత చాలా తక్కువ అడవి జంతువులు నేర్పాయి. నెబ్రాస్కాలో శాండ్ హిల్స్ అనే లేత రంగు ఇసుక దిబ్బలు ఉన్నాయి, భూమి వయసుతో చూస్తే నిన్న మొన్నటివి, 10 వేల ఏళ్ల లోపే ఏర్పడ్డాయి. చుట్టుపక్కల నల్ల మట్టి మీద ఎలుకలు ముదురు రంగు, దిబ్బల మీద ఎలుకలు లేత రంగు, ఎగూటి అనే జీన్‌లో మార్పులు దీనికి కారణం. గుడ్లగూబల కంట పడకుండా ఉండటానికే అని చెప్పడం తేలిక, చూపించడం కష్టం. రోవన్ బారెట్, హార్వర్డ్‌కి చెందిన హోపీ హోక్‌స్ట్రా టీమ్ ఏం చేసిందంటే, రెండు రకాల నేలల మీద స్టీల్ రేకులతో పెద్ద పెద్ద ఆవరణలు కట్టి, పైన కప్పు లేకుండా వదిలేసి, రెండు రంగుల ఎలుకల్నీ లోపల వేసి, ఎవరు బతికారో చూస్తూ వచ్చింది. నల్ల నేల మీద లేతవి, లేత నేల మీద నల్లవి ఎక్కువ పోయాయి, మిగిలిన వాటి ఎగూటి జీన్ చూస్తే ఒక చిన్న మార్పు ఉన్న ఎలుకల శాతం కొన్ని నెలల్లోనే మారిపోయింది. 2019లో ఈ ఫలితాలు వచ్చాయి. పుస్తకాల్లో బొమ్మలేసి చెప్పే నేచురల్ సెలక్షన్ ఇక్కడ జీన్ లెవెల్‌లో, కంచె లోపల, కళ్లముందే జరిగింది. అన్నట్టు లీ డైస్ అనే ఆయన 1940ల్లోనే గదిలో గుడ్లగూబల్ని వదిలి, నేల రంగుకి మ్యాచ్ కాని ఎలుకలే ఎక్కువ దొరుకుతాయని చూపించాడు, కొత్తవాళ్లు ఆయన వదిలిన చోటునుంచే ఎత్తుకున్నారు.

బొరియల స్టడీ ఇంకా సరదాగా ఉంటుంది. డీర్ మౌస్ చిన్న గుంత లాంటి బొరియ తవ్వి సరిపెట్టుకుంటుంది, దాని చుట్టం ఓల్డ్‌ఫీల్డ్ మౌస్ మాత్రం పొడుగాటి దారి, గూడు, ఆ వెనకాల పైకి నేల దాకా వచ్చి ఆగిపోయే ఒక ఎమర్జెన్సీ ఎగ్జిట్ కూడా తవ్వుతుంది, పాము ముందునుంచి వస్తే వెనకనుంచి పైకి బద్దలు కొట్టుకుని పారిపోవడానికి. రీసెర్చర్లు ఆ బొరియల్లోకి ఫోమ్ పోసి, గట్టిపడ్డాక తవ్వి తీసి, కొలతలు తీసుకున్నారు. తరాల తరబడి ల్యాబులోనే పుట్టి మట్టి ముఖం చూడని ఎలుకలు కూడా మట్టి ఇస్తే తమ జాతి డిజైన్‌లోనే తవ్వాయి. రెండు జాతుల్నీ కలిపి పుట్టించిన పిల్లలు పొడుగు బొరియలే తవ్వాయి, తర్వాతి తరంలో చూస్తే దారి పొడవుకి మూడు, ఎగ్జిట్‌కి ఒకటి చొప్పున జీనోమ్‌లో చోట్లు దొరికాయి. ఒక అలవాటు ముక్కలు ముక్కలుగా వారసత్వంగా రావడం అంటే చిన్న విషయం కాదు. ఎత్తైన కొండల మీద ఉండే డీర్ మౌస్‌ల మీద కూడా మంచి పని జరిగింది, జే స్టోర్జ్ టీమ్ కొలరాడోలో 4,350 మీటర్ల శిఖరం మీది ఎలుకల్నీ మైదానం ఎలుకల్నీ పోల్చి, పైనున్నవాటి హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుందని చూపించింది.

ఇప్పుడు ఎక్కువ దృష్టి ఉన్నది మాత్రం ఆ పాత ప్రశ్న మీదే, ఎలుకకి ఎందుకు ఏమీ కాదు. కొలరాడోలో టోనీ షౌంట్జ్ బృందం సిన్ నోంబ్రె సోకిన డీర్ మౌస్‌లలో రెగ్యులేటరీ టీ కణాల తరహా స్పందన ఉందని చూపించింది, అంటే వైరస్ మీద యుద్ధం మొదలెట్టకుండా బ్రేకులు వేసే రకం అన్నమాట, వైరస్ పోదు కానీ ఒళ్లూ పాడవదు. యూసీ ఇర్వైన్‌లో అలన్ బార్బర్ బృందం వైట్ ఫుటెడ్ మౌస్‌కి బ్యాక్టీరియా విషపదార్థం ఎక్కించి చూస్తే మామూలు ల్యాబ్ ఎలుక కంటే ఇన్‌ఫ్లమేషన్ బాగా తక్కువగా వచ్చింది. 2021లో కోవిడ్ వైరస్‌ని డీర్ మౌస్‌లకి ఎక్కిస్తే అవీ పెద్దగా జబ్బుపడలేదు కానీ పక్క ఎలుకలకి మాత్రం అంటించాయి. ఇలాంటి ప్రయోగాలు మామూలు ల్యాబ్ ఎలుక మీద చేస్తే కుదరదు, దానికి సిన్ నోంబ్రె లాంటి వైరస్‌తో కలిసి బతికిన చరిత్రే లేదు. దీనికి పనికొచ్చేలా యూనివర్సిటీ ఆఫ్ సౌత్ కరోలినాలో పెరోమిస్కస్ జాతుల్ని దశాబ్దాలుగా వంశావళి రాసుకుంటూ పెంచే స్టాక్ సెంటర్ ఒకటి ఉంది, అందులో ఒక వంశం 1940ల్లో మిషిగన్‌లో పట్టిన కొన్ని పదుల ఎలుకల నుంచి వచ్చింది. అప్పుడు వాటిని పట్టినవాళ్లకి హంటా వైరస్ అమెరికాలో ఉందనే విషయమే తెలియదు.